కోళ్ళగూడే స్టూడియో అయింది

నలభై ఎనిమిదేళ్ళ వయసు. కూతురు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. కొడుకులు ఎవరి దారిన వాళ్ళున్నారు. భర్త కాఫీ తోటల పని మీద సముద్రం దాటి సింహళం వెళ్ళారు. మొన్నటిదాకా సందడిగా ఉన్న ఇల్లు ఒక్కసారిగా బోసిపోయింది. అలాంటప్పుడు అమ్మకి ఏ బహుమతి ఇస్తే బాగుంటుందని కూతురూ అల్లుడూ ఆలోచించారు. ఏ శాలువో, నగో కొనిస్తే ఓ రోజు మురిసిపోయి బీరువాలో పెట్టేసేది. వాళ్ళు మాత్రం కెమెరా కొనిచ్చారు.

అది 1863 డిసెంబరు. ఆ తల్లి పేరు జూలియా మార్గరెట్ కామెరాన్. ఇంటిపేరుకీ కెమెరాకీ పోలిక కేవలం కాకతాళీయమే సుమండీ. ఫొటో అంటే గుర్తుకోసం తీసుకునే బొమ్మ కాదు, అదీ ఒక కళేనని లోకాన్ని ఒప్పించిన తొలితరం వాళ్ళలో ఆవిడ ముందుంటుంది. పుట్టింది మన కలకత్తాలో.

ఆవిడ గురించి ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, సీమంతాలకీ బారసాలలకీ ఫొటోలు తీస్తుంటాను కాబట్టి నా దగ్గరికి కెమెరా ఏది కొనాలో అడగడానికి ఆడవాళ్ళు వస్తుంటారు. మోడల్ పేరు అడిగేది తర్వాత. ముందు గొంతు తగ్గించి, ఈ వయసులో నాకిది అవసరమా, ఇంత డబ్బు పోసి కొన్నాక రాకపోతే ఇంట్లో ఏమంటారో అని అడుగుతారు. వాళ్ళందరికీ నేను చెప్పే కథ జూలియాదే.

కలకత్తా పిల్ల

జూలియా పుట్టింది 1815 జూన్ 11న. తండ్రి జేమ్స్ పాటిల్ ఈస్టిండియా కంపెనీలో పెద్ద ఉద్యోగి. తల్లి అడెలిన్ ఫ్రెంచి వంశంలోని ఆడపడుచు. అమ్మమ్మది పుదుచ్చేరి. అక్కచెల్లెళ్ళు ఏడుగురు. మిగతా వాళ్ళంతా అందగత్తెలని పేరు పడితే, జూలియాకి మాత్రం తెలివైన పిల్ల, మాటకారి అని పేరొచ్చింది. నలుగురు ఆడపిల్లలున్న ఇంట్లో ఎవరిని దేనికి మెచ్చుకుంటారో, ఎవరిని దేనికి వదిలేస్తారో మనకి తెలియంది కాదు కదా! అందం మీద ఆవిడకున్న పిచ్చికి మొలక అక్కడే పడిందేమోనని నాకు అనిపిస్తుంది.

చిన్నతనంలో ఫ్రాన్సులో అమ్మమ్మ దగ్గర పెరిగి, పందొమ్మిదేళ్ళ వయసులో కలకత్తా తిరిగొచ్చింది. ఆరోగ్యం చెడితే 1836లో గాలి మార్పు కోసం దక్షిణాఫ్రికాలోని కేప్‌కి పంపించారు. ఆ ప్రయాణంలో ఇద్దరు పరిచయమయ్యారు. ఒకరు చార్లెస్ హే కామెరాన్, న్యాయకోవిదుడు. ఆవిడ కన్నా ఇరవై ఏళ్ళు పెద్ద. 1838లో కలకత్తాలో వాళ్ళ పెళ్ళయింది. మెకాలేతో కలిసి భారత శిక్షాస్మృతి ముసాయిదా రాసిన లా కమిషన్‌లో ఈయనా సభ్యుడే. 2024 జులైలో కొత్త చట్టం వచ్చేదాకా మన కోర్టుల్లో నడిచింది ఆ ముసాయిదాలోంచి పుట్టిన శిక్షాస్మృతే.

రెండోవారు సర్ జాన్ హెర్షెల్, ఖగోళ శాస్త్రవేత్త. ఫొటోలు కడగడానికి వాడే హైపో గుణాన్ని కనిపెట్టిన మనిషి ఆయనే. నెగెటివ్, పాజిటివ్ అనే మాటల్ని ఫొటోగ్రఫీలోకి తెచ్చిందీ ఆయనే. ఈ కొత్త విద్య గురించి జూలియాకి మొదట చెప్పింది, కలకత్తాలో ఉన్నప్పుడు నమూనా ఫొటోలు పంపించిందీ ఆయనే. అంటే కెమెరా చేతికి రావడానికి ఇరవై ఏళ్ళ ముందే మనసులో విత్తనం పడిందన్నమాట. మధ్యలో ఆ ఇరవై ఏళ్ళూ ఏమయ్యాయంటారా? ఇల్లు, పిల్లలు, చుట్టాలు, పక్కాలు. మనందరికీ తెలిసిన లెక్కే.

కలకత్తాలో గవర్నర్ జనరల్ ఇంటి విందులూ వేడుకలూ ఆవిడ చేతిమీదుగా నడిచాయి. ఐర్లండులో కరువొచ్చినప్పుడు ఇక్కణ్ణించే చందాలు పోగుచేసి పంపింది. 1848లో భర్త రిటైరయ్యాక కుటుంబం ఇంగ్లండు చేరింది. అక్కడికెళ్ళినా ఆ అక్కచెల్లెళ్ళు మన శాలువలే కప్పుకునేవారట, కలిసినప్పుడు హిందుస్తానీలో కబుర్లు చెప్పుకునేవారట.

1860లో వైట్ ద్వీపంలోని ఫ్రెష్‌వాటర్ అనే పల్లెలో పక్కపక్కనున్న రెండు చిన్న ఇళ్ళు కొని, కలిపి ఒకే ఇల్లుగా కట్టించింది. సింహళంలోని తమ తోట పేరే దానికి పెట్టుకుంది, డింబోలా అని. పక్కన మహాకవి టెన్నిసన్ ఇల్లు. కన్నబిడ్డలు ఆరుగురు. తల్లిదండ్రులు లేని చుట్టాల పిల్లలు మరికొందరు. అడుక్కుంటూ కనిపించిన మేరీ రయన్ అనే ఐరిష్ పిల్లని కూడా తెచ్చి పెంచుకుంది. ఇంతమందికి వండించి, చదివించి, జబ్బు చేస్తే కూర్చుని, అప్పుడు నలభై ఎనిమిదో ఏట కెమెరా పట్టుకుంది.

కెమెరాతోపాటు ఇల్లంతా మారింది

ఇప్పుడు కెమెరా కొంటే పెట్టె విప్పి బ్యాటరీ చార్జింగు పెట్టుకుంటే చాలు. జూలియాకి వచ్చింది చెక్కపెట్టె. ముందు ఫ్రెంచి లెన్సు, వెనక గాజు పలక పెట్టే చోటు. ఆ పలక దాదాపు 11 అంగుళాల పొడవు, 9 అంగుళాల వెడల్పు. మన పూజగదిలో దేవుడి పటమంత ఉంటుంది.

ఇక తోడు సామాన్ల సంగతి చూడండి. గాజు పలక మీద కొలోడియన్ అనే చిక్కటి ద్రావకం పోసి, నాలుగు మూలలకీ సమంగా పారేలా వంచాలి. పూతరేకు తీసేవాళ్ళ చేతివాటం ఉండాలి దానికి. ఎక్కడ మందమైనా, ఎక్కడ పల్చనైనా ఫొటో పాడు. తర్వాత చీకట్లో సిల్వర్ నైట్రేట్‌లో ముంచాలి. తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫొటో తియ్యాలి, తడి ఆరకముందే తెచ్చి కడగాలి. ఆలస్యం చేస్తే పలక పనికిరాదు. ఫొటో నిలబెట్టడానికి ఆ రోజుల్లో సైనైడ్ కూడా వాడేవారు. ఆపైన వార్నిష్. చివరికి గుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని పలకకి ఆనించి ఎండలో పెడితే అప్పుడు బొమ్మ దిగేది.

ఇన్ని సామాన్లకి చోటెక్కడ? బొగ్గులు పోసుకునే కొట్టుని డార్క్‌రూం చేసింది. కోళ్ళ కోసం కట్టించిన అద్దాల గూడు ఒకటుంటే, కోళ్ళని వదిలేసి దాన్ని స్టూడియో చేసేసింది. పనమ్మాయిలకి పలకలు తుడవడం, నీళ్ళు అందించడం నేర్పింది. కొత్త గది కట్టిస్తేగానీ మొదలుపెట్టనని కూర్చోలేదు. ఈ ముక్క దగ్గర నేను కాస్త ఆగుతాను ఎప్పుడూ. మనలో చాలామంది పని ఆగిపోయేది డబ్బు లేక కాదు, చోటు లేక. ఇంట్లో మనదనే మూల ఒకటి అడగడానికి మొహమాటపడి.

మొదటి ఫొటో పోయింది తెలుసా? ఊళ్ళో ఓ రైతుని గంటకింత అని డబ్బిచ్చి కూర్చోబెట్టింది. తీరా తీశాక తడి పలక మీద చెయ్యి రాసుకుని బొమ్మ చెరిగిపోయింది. నేర్పేవాళ్ళు పక్కన లేరు. చేసి చూడ్డం, చెడగొట్టడం, మళ్ళీ చెయ్యడం. కెమెరా వచ్చిన కొద్ది రోజులకే, 1864 జనవరి 29న, ఆనీ ఫిల్‌పాట్ అనే చిన్నపిల్ల ఫొటో కుదిరింది. కోటు బొత్తాలు పెట్టుకుని, కాస్త పక్కకి చూస్తున్న పసిమొహం. అది తన తొలి విజయమని ఆ ఫొటో కిందే రాసుకుంది. ఆ రోజు సంతోషం పట్టలేక ఇల్లంతా తిరిగి ఆ పిల్లకి ఏమిద్దామా అని వెతికిందట. ఫొటో తీసింది తనైనా, తీయించింది ఆ పిల్లే అనిపించిందట ఆవిడకి.

సిల్వర్ నైట్రేట్ మరకలు పోవు. చేతులు నల్లబడ్డాయి. తడి ఫొటోలు పట్టుకుని భోజనాల గదిలోకి పరుగెత్తుకొస్తే బల్ల మీద గుడ్డలన్నీ మరకలే. అయినా పెద్దాయన విసుక్కోలేదు. ప్రతి కొత్త ఫొటో ముందుగా ఆయనకే చూపించేది. ఆయన చేతిలో పుస్తకం పక్కన పెట్టి, చూసి మెచ్చుకునేవాడు. ఇటలీ వీరుడు గారిబాల్డీ 1864లో టెన్నిసన్ ఇంటికొస్తే, ఫొటో తీయించుకోమని జూలియా వెళ్ళి మోకాళ్ళ మీద నిలబడి అడిగిందట. ఆ నల్లటి చేతులు చూసి ఆయన, బిచ్చగత్తె అనుకున్నాడని చెప్పుకుంటారు. ఫొటో మాత్రం ఇవ్వలేదు.

మసక ఫొటోలని ఎగతాళి

ఆవిడ ఫొటోలు చూస్తే మొదట కంటికి తగిలేది మెత్తదనం. కన్ను స్పష్టంగా ఉంటే చెవి మసగ్గా ఉంటుంది. వెనకంతా చీకటి. మొహం మాత్రం పక్కనించి పడిన వెలుగులో పైకి తేలినట్టుంటుంది. ఆనాటి మగ ఫొటోగ్రాఫర్లకి ఇది నచ్చలేదు. ప్రతి వెంట్రుకా లెక్కపెట్టేలా ఉండటమే గొప్ప అనుకునే రోజులవి. ఫోకస్ చెయ్యడం రాదన్నారు, పలకల మీద గీతలూ వేలిముద్రలూ ఉన్నాయన్నారు. పత్రికల్లో రాశారు. గీతల మాట నిజమే. కానీ మెత్తదనం చేతకానితనం కాదు. లెన్సు తిప్పుతూ వెళ్ళి, తన కంటికి ఎక్కడ అందంగా కనిపిస్తే అక్కడ ఆపేసేది. అందరూ ఆపమన్న చోట ఆపలేదు, అంతే.

ఇందులో లెన్సు పాత్రా ఉంది. పెద్ద పలక, బాగా తెరుచుకునే లెన్సు, దగ్గరనించి తీసిన మొహం. ఈ మూడూ కలిస్తే ఫోకస్ లోతు చాలా తక్కువగా వస్తుంది. పైగా కూర్చున్నవాళ్ళు కొన్ని నిమిషాలు కదలకుండా ఉండాలి. ఊపిరి తీసుకున్నా కాస్త చెదురుతుంది. ఆవిడ ఫొటోల్లో మనుషులు బతికున్నట్టు కనిపించేది ఆ చిన్న కదలిక వల్లే అంటారు తెలిసినవాళ్ళు. 1866లో ఇంకా పెద్ద కెమెరా తెచ్చుకుంది, 15కి 12 అంగుళాల పలకది. తలని దాదాపు నిలువెత్తు చేసి చూపించాలని ఆవిడ తాపత్రయం.

విమర్శలకి కుంగిపోయి మానేసిందా? అదేం లేదు. కెమెరా పట్టిన మొదటి ఏడాదే లండన్ ఫొటోగ్రఫీ సంఘంలో సభ్యురాలైంది. 1865లో సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం ఆవిడ ఫొటోలు కొని ప్రదర్శించింది. ఇప్పటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అదే. 1868లో అక్కడే రెండు గదులు స్టూడియోగా ఇచ్చారు. బెర్లిన్ ప్రదర్శనలో 1865లో కంచు పతకం, మర్నాడు బంగారు పతకం అన్నట్టు 1866లో స్వర్ణం.

లెక్కల్లోనూ గట్టిదే. కాఫీ తోటల నించి వచ్చే ఆదాయం తగ్గుతోంది, అప్పులు పెరుగుతున్నాయి. మందులు, గాజు, కాగితం అన్నీ ఖరీదే. అందుకే ఫొటోలని లండన్‌లో కొల్నాఘీ అనే పేరున్న దుకాణం ద్వారా అమ్మించింది. ఐదొందలకు పైగా ఫొటోలకి తన పేరున కాపీరైటు రిజిస్టరు చేయించుకుంది. సరదా అని మొదలుపెట్టిన పనికి కాగితాల మీద హక్కు రాయించుకోవడం మాత్రం మరిచిపోలేదు. ఇది మనం నేర్చుకోవాల్సిన ముక్క. ఆడవాళ్ళ పని సరదా అని మనమే అనేస్తే డబ్బు లెక్కలు ఎవరు చూస్తారు?

మహామహులూ, పనమ్మాయిలూ

టెన్నిసన్, డార్విన్, కార్లైల్, బ్రౌనింగ్, చిత్రకారుడు వాట్స్, అందరూ ఆవిడ ముందు కూర్చున్నవాళ్ళే. 1867లో హెర్షెల్ ఇంటికి కెమెరా మోసుకెళ్ళింది. ఆయన తెల్లటి జుట్టు తలంటించి, చెదరగొట్టి మరీ తీసింది. ఆ ఫొటోలో ఆ పెద్దాయన కళ్ళు చూస్తే ఆకాశం మొత్తం చూసి అలిసిన కళ్ళలా ఉంటాయి. తనకీ విద్య పరిచయం చేసిన గురువుకి అంతకన్నా గురుదక్షిణ ఏముంటుంది?

నాకు మాత్రం అంతకన్నా ఇష్టమైనవి ఇంట్లోవాళ్ళ ఫొటోలు. మేరీ హిల్లియర్ అనే పనమ్మాయి ఆవిడ ఫొటోల్లో ఎన్నిసార్లు మేరీమాతగా కనిపిస్తుందో! పొద్దున ఇల్లు తుడిచిన పిల్ల మధ్యాహ్నం ముసుగు వేసుకుని ఒళ్ళో బిడ్డతో కూర్చుంటే, ఆ మొహంలో ఉన్న శాంతిని చూసినావిడ జూలియా. అక్క కూతురో చెల్లెలి కూతురో ఇంటికొస్తే వదిలేది కాదు. అలా తీసిన వాళ్ళలో జూలియా జాక్సన్ అనే మేనకోడలుంది. ఆమె పుట్టిందీ కలకత్తాలోనే. ఆమె కూతురే రచయిత్రి వర్జీనియా వూల్ఫ్. పెద్దమ్మమ్మ ఫొటోలని 1926లో పుస్తకంగా తెచ్చి మళ్ళీ లోకానికి గుర్తుచేసింది వూల్ఫే.

మేరీ రయన్ కథ సినిమాకథలా ఉంటుంది. అడుక్కుంటున్న పిల్ల అని చెప్పాను కదా. 1865లో కొల్నాఘీ ప్రదర్శనలో ఆమెని చూసిన హెన్రీ కాటన్ అనే యువకుడు, ఆమె ఉన్న ఫొటోలు కొనుక్కుని వెళ్ళాడట. 1867లో పెళ్ళయింది. మన కుంభకోణంలో పుట్టిన ఆ హెన్రీ కాటన్ ఐసీఎస్ అధికారిగా బెంగాల్లో పనిచేసి, అస్సాం చీఫ్ కమిషనరై, 1904లో బొంబాయి కాంగ్రెస్ మహాసభకి అధ్యక్షుడయ్యాడు. ఒక ఫొటో, ఒక మనిషి జీవితాన్ని ఎక్కణ్ణించి ఎక్కడికి చేర్చిందో చూడండి.

కష్టకాలం

అన్నీ విజయాలే కాదు. 1869లో నలభైకి పైగా మంచి నెగెటివ్‌లకి పైపూత పగుళ్ళిచ్చి పాడైపోయాయి. ఏళ్ళ కష్టం సాలెగూడులా చిట్లిపోయింది. కారణం ఏమిటని ఫొటోగ్రఫీ సంఘం పెద్దల్ని వెళ్ళి అడిగింది. ఒక్కరూ తేల్చి చెప్పలేకపోయారు.

అంతకన్నా పెద్ద దెబ్బ 1873లో తగిలింది. కూతురు జూలియా, తల్లికి కెమెరా కొనిచ్చిన ఆ పిల్ల, కాన్పులో పోయింది. ఒక్కగానొక్క ఆడబిడ్డ. ఆ మరుసటి ఏడాది, 1874లో, జూలియా తన ఫొటోల కథ రాయడం మొదలుపెట్టింది. పూర్తి కాలేదు. ఆ రాతలో మొదట్లోనే ఆ కెమెరా ఎవరు ఇచ్చారో చెప్పుకుంది. అది చదివినప్పుడు, బతికుండగా ఆ కూతురు తల్లిని ఎంత సరిగ్గా చూసిందో కదా అనిపిస్తుంది. తీరిక గడపడానికి ఓ ఆటవస్తువు ఇచ్చానని ఆ పిల్ల అనుకుని ఉండొచ్చు. తల్లికి మాత్రం అది రెండో జీవితం అయింది.

1875లో ఇంటి ఖర్చులు మోయలేక, కొడుకులున్న సింహళానికే భార్యాభర్తలు తరలిపోయారు. ఓడలో సామాన్లతోపాటు రెండు శవపేటికలు కూడా పట్టుకెళ్ళారని చెప్పుకుంటారు. అక్కడ మందులు సరిగ్గా దొరకవు. వేడికి, తేమకి తడి పలకల పని కష్టం. అయినా తోటల్లో పనిచేసే వాళ్ళని, ఊరి జనాన్ని కొన్ని ఫొటోలు తీసింది. 1877లో చిత్రకారిణి మరియాన్ నార్త్ వచ్చినప్పుడు ఆమెనీ తీసింది. 1879 జనవరి 26న అక్కడే కన్నుమూసింది. మర్నాటి ఏడాది ఆయనా పోయారు. బొగవంతలావలో చర్చి పక్కన ఇద్దరి సమాధులూ ఉన్నాయి.

లెక్క వేస్తే ఆవిడ గట్టిగా పనిచేసింది పదిహేనేళ్ళకి మించి లేదు. అందులోంచి సుమారు 1200 ఫొటోలు మిగిలాయి. చిన్న కొడుకుల్లో హెన్రీ తల్లి విద్యనే పట్టుకుని ఫొటోగ్రాఫరయ్యాడు. ఫ్రెష్‌వాటర్‌లోని ఇల్లు కూల్చేసే ప్రమాదం వస్తే, ఆవిడ పేరున ఏర్పడిన ట్రస్టు 1990లలో కాపాడి మ్యూజియం చేసింది.

మరి కొనబోయేవారికి

ఇక మన సంగతికి వద్దాం. డిజిటల్ ఎస్ఎల్ఆర్ కొందామనుకునేవాళ్ళకి జూలియా జీవితంలోంచే నాలుగు మాటలు చెప్తాను.

మొదటిది, బాడీ కన్నా లెన్సు ముఖ్యం. ఆవిడ ఫొటోల అందం చెక్కపెట్టెది కాదు, లెన్సుదీ వెలుతురుదీ. ఉన్న డబ్బంతా బాడీ మీద పెట్టి, దాంతో వచ్చే చిన్న జూమ్‌తో సరిపెట్టుకోవద్దు. బాడీ మధ్యరకందైనా పరవాలేదు. 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 లెన్సు ఒకటి విడిగా కొనుక్కోండి. పెద్ద కంపెనీల లెన్సుల్లో చవకైనవాటిలో అదొకటి. దగ్గర్నించి పిల్లల మొహాలు తీస్తే వెనకంతా మెత్తగా కరిగిపోతుంది. నికాన్ చిన్న మోడళ్ళు కొనేవాళ్ళు లెన్సులోనే ఫోకస్ మోటారు ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే ఆటోఫోకస్ పనిచెయ్యదు.

రెండోది, కొత్తదే కావాలని లేదు. ఇప్పుడు కంపెనీలు అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు మళ్ళాయి. అందువల్ల మంచి ఎస్ఎల్ఆర్‌లు సెకండ్ హ్యాండ్‌లో తక్కువకే దొరుకుతున్నాయి. నేర్చుకోవడానికి అవి చాలు. కొనేముందు షట్టరు ఎన్నిసార్లు పడిందో అడగండి. లెన్సుని వెలుతురుకి ఎత్తి పట్టి లోపల సాలెగూడు లాంటి బూజు ఉందేమో చూడండి. తెల్ల గోడని ఒక ఫొటో తీసి మచ్చలున్నాయేమో గమనించండి. బిల్లూ, బాడీ మీద నంబరూ సరిపోవాలి. కొత్తది కొంటే వారంటీ కార్డు మీద దుకాణం ముద్ర వేయించుకోవడం మరవొద్దు.

మూడోది, తోడు సామాన్లు. ఆవిడకి బొగ్గుకొట్టూ, మందుల సీసాలూ కావాల్సొచ్చాయి. మనకి కావాల్సినవి కొద్దే. అదనంగా ఒక బ్యాటరీ. ఒక పెద్ద కార్డు బదులు రెండు మధ్యరకం కార్డులు. ఒకటి చెడినా సగం పెళ్ళి మిగులుతుంది. లెన్సు తుడిచే మెత్తటి గుడ్డ, దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి. చీరకొంగుతో మాత్రం తుడవకండి, గీతలు పడతాయి. కెమెరా బరువుకి ఊగని ట్రైపాడ్. నాసిరకందైతే డబ్బు దండగ. మన కోస్తా ఊళ్ళలో తేమ ఎక్కువ కాబట్టి గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో పెట్టుకోండి. బీరువాలో బట్టల మధ్య పెడితే లెన్సుకి బూజు పడుతుంది. ఫ్లాష్, పెద్ద జూమ్, రకరకాల ఫిల్టర్లు ఇవన్నీ ఆర్నెల్ల తర్వాత చూసుకోవచ్చు. అప్పటికి మీకేం కావాలో మీకే తెలుస్తుంది.

నాలుగోది, వెలుతురు. దానికి రూపాయి ఖర్చు లేదు. పొద్దున పూట వరండాలో, కిటికీ పక్కన మనిషిని కూర్చోబెట్టండి. వెలుగు ఒక్క పక్కనించే రానివ్వండి. రెండోపక్క మరీ చీకటైతే తెల్లటి థర్మకోల్ అట్ట ఒకటి నిలబెట్టండి. నూటయాభై ఏళ్ళ కిందట కోళ్ళగూట్లో కర్టెన్లు అటూ ఇటూ జరుపుతూ జూలియా చేసింది అచ్చం ఇదే.

ఆఖరిగా, మొదట ఇంట్లోవాళ్ళని తియ్యండి. అత్తగారిని, పాలబ్బాయిని, పని చేసే అమ్మాయిని, బడినించి వచ్చి చెమటతో నిలబడ్డ మనవణ్ణి. మొదటి వంద ఫొటోలు బాగుండవు, సరే. ఆవిడకి ఒక్కో పలకా ఒక్కో ఖర్చు. మీకు చెరిపేసి మళ్ళీ తియ్యడానికి పైసా కాదు. ఇంకో మాట. మీ ఇంట్లో బోసిపోయిన ఇంట్లో కూర్చున్న అమ్మ ఉంటే, ఈసారి పుట్టినరోజుకి చీర కొనేముందు ఆవిడ ఒకప్పుడు ఏమంటే ఇష్టపడేదో ఒక్కసారి గుర్తుచేసుకోండి. అది కెమెరాయే కానక్కర్లేదు. హార్మోనియమో, కుట్టుమిషనో, రంగులపెట్టో కావచ్చు. ఇరవై ఏళ్ళుగా లోపలే ఉండిపోయిన విత్తనం ఏదన్నది ఆవిడకి తెలుసు. ఒక్కోసారి కూతురికీ తెలుస్తుంది.